మంద విడవని దొర

నాకు కుక్కలంటే పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. కోవిల్‌పట్టిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతికేదాన్ని. షాపు మెట్ల మీద కుక్క పడుకుంటే గజంబద్ద పట్టుకుని తరిమేదాన్ని. అలాంటి నేను ఒక కుక్క కోసం నడి ఎండలో, కాళ్ళకు చెప్పులు లేకుండా, నల్లరేగడి చేలో పరుగెత్తానంటే దానికి కారణం మా సెల్వలక్ష్మి.

సెల్వలక్ష్మి నా తమ్ముడు తంగసామి పెళ్ళాం. మనిషి బక్కపలచన. నోరు మాత్రం సంతలో ఆ చివరినుంచి ఈ చివరికి వినిపిస్తుంది. పెళ్ళికి ముందు వెంబకోట్టై దగ్గర ఒక బాణసంచా యూనిట్‌లో పనిచేసేది. ఒకరోజు పక్క షెడ్డు అంటుకుంది. తనతో కూర్చుని అన్నం తినే పిల్ల ఒకతె అందులో పోయింది. ఆ మర్నాటి నుంచి సెల్వలక్ష్మి ఆ గేటు తొక్కలేదు. ఎవరెన్ని చెప్పినా వినలేదు. పుట్టింటివాళ్ళు ఇచ్చిన రెండు గొర్రెలతో మొదలుపెట్టి, కడుపు కట్టుకుని, చివరికి ఒక మందనే చేసింది. తంగసామి అరుప్పుకోట్టైలో పవర్‌లూమ్ షెడ్డులో పని చేస్తాడు, ఆదివారం ఆదివారం వస్తాడు. మిగతా రోజులన్నీ ఈమెకు గొర్రెలే మొగుడూ పిల్లలూ.

మావైపు కోతలయ్యాక రైతులు గొర్రెలవాళ్ళను పిలిచి మందను తమ చేలో పడుకోబెట్టుకుంటారు. రాత్రంతా గొర్రెలు వేసే పెంటే ఆ ఏటికి ఎరువు. దాన్ని కిడై కట్టడం అంటారు. కొన్నాళ్ళు ఒక చేలో, కొన్నాళ్ళు ఇంకొక చేలో. తడికెలు భుజాన వేసుకుని ఊరూరూ తిరగడమే సెల్వలక్ష్మి జీవితం. అది ఆమెకు ఇష్టం కూడా. ఇంటి కప్పు కింద పడుకుంటే ఊపిరాడదంటుంది.

ఆ ఇష్టానికి ఊరకుక్కలు అడ్డుపడ్డాయి. ఇదివరకు అవి ఒకటీ అరా తిరిగేవి. ఇప్పుడు కోళ్ళ వ్యర్థాలు తెచ్చి రోడ్ల పక్కన పోస్తున్నారు కదా, అవి తిని గుంపులు కట్టాయి. సెల్వలక్ష్మి నీళ్ళకు వెళ్ళొచ్చేలోగా తడికెలు తోసుకుని లోపలికి దూరి, పుట్టిన గొర్రెపిల్లల్ని పుట్టినట్టే చీల్చేశాయి. నేను వెళ్ళేసరికి ఆమె చచ్చిన పిల్లల్ని గోనెసంచిలోకి ఎత్తుతోంది. కళ్ళలో నీళ్ళు లేవు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"ఇంకో ఏడు ఇట్లే అయితే మందను అమ్మేసి మళ్ళా టపాసుల మందు పనికి పొయ్యేదే వదినా" అంది.

"నోరు మూసుకో. కుక్కను పెంచుకోవచ్చు గదా" అన్నాను. కుక్క అనే మాట నా నోట్లోంచి వచ్చిందంటే నేనెంత కంగారుపడ్డానో చూడండి.

అలా మేమిద్దరం బస్సెక్కి వత్రాప్ దగ్గర అప్పాసామి తాత తోటకు వెళ్ళాం. ఆయన తాతల నాటి నుంచి ఆ ఇంట్లో రాజపాళయం జాతి కుక్కలు పెరుగుతున్నాయి. అప్పాసామి కుక్కను అమ్మడు, ఇస్తాడు. ఒక ఇంటికి ఒకసారే ఇస్తాడు. ఇచ్చిన ఏడాదికి తాడు భుజాన వేసుకుని తనే వచ్చి చూస్తాడు. కుక్క తన లెక్కకు నిలిస్తే మజ్జిగ తాగి వెళ్ళిపోతాడు. నిలవకపోతే తాడు కట్టి తీసుకుపోతాడు. అలా తిరిగొచ్చిన కుక్కలు ఆయన కొబ్బరితోటలో గొలుసుల మీద ఉన్నాయి. వాటికి కూడు లోటు లేదు గానీ వాటి చూపు చూస్తే నాకే ఎలాగో అయింది.

కుక్కపిల్లల తల్లి లేచి నిలబడింది. నా నడుము దాకా వచ్చింది. ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబీ రంగు. ఛాతీ లోతుగా కిందికి దిగింది, పొట్ట పైకి లాక్కుపోయింది. చెవులు మడతపడి వేలాడుతున్నాయి, తోక చివర పైకి తిరిగింది. సెల్వలక్ష్మి రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇదంతా పెండ్లిచూపులకు పనికొచ్చేది పాపా" అన్నాడు అప్పాసామి. "తెలుపూ ముక్కూ తోకా నేనూ చూస్తా, చూడనని చెప్పను. మందకు కావాల్సింది వేరే. పరాయోడు వస్తే లేచి నిలబడాల. కరవకూడదు, తోకా ఊపకూడదు. అయినదానికీ కానిదానికీ మొరగకూడదు. గొర్రెపిల్ల దాని నోటికాడి కూడు లాక్కున్నా సుమ్మా, ఊరికే ఉండాల. అన్నిటికంటే పెద్దది ఒకటుండాది. ఎవరు పిలిచినా, ఏం జరిగినా మందను విడిచి పోగూడదు."

అంతా చెప్పి, పిల్లల్ని ముందు వదిలి, మాకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఎంచుకునేటప్పుడు ఇచ్చేవాడు నోరు తెరవకూడదు. అది వాళ్ళ ఇంటి కట్టు. ఏది ఎత్తుకున్నా ఎత్తుకున్నవాళ్ళదే బాధ్యత.

మన సెల్వలక్ష్మి ఏం చేస్తుంది? చెప్పిందంతా ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసి, అన్నిటిలోకీ తెల్లగా ఉన్నదాన్ని ఎత్తుకుంది. చెవి చివర కూడా మచ్చ లేదు. కళ్ళు నీలంగా, పిల్లికళ్ళలా ఉన్నాయి. మావైపు తెల్లకుక్క అంటే అంత పిచ్చి. నేనైనా అదే ఎత్తుకునేదాన్ని.

"దొరబిడ్డ మాదిరి ఉండాడు వదినా. పేరు కూడా దొరే."

అప్పాసామి ఇటు తిరిగి పిల్ల కళ్ళలోకి చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. తల నిమిరి ఇచ్చేశాడు.

దొర గొర్రెపిల్లల మధ్యే పెరిగాడు. సెల్వలక్ష్మి వాణ్ణి ఇంట్లోకి రానివ్వలేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు. గొర్రెపాలు పట్టింది, గొర్రెల నడుమ పడుకోబెట్టింది. వాడు తాను కూడా గొర్రెనే అనుకున్నట్టున్నాడు. పిల్లలు వాడి వీపు మీదెక్కి దూకుతుంటే కళ్ళు మూసుకుని భరించేవాడు. అంతా బాగానే ఉంది గానీ పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. దొర కదా, టెక్కు అనుకున్నాం.

ఒకరోజు నేను అన్నం తీసుకెళ్ళాను. నీళ్ళబిందె చెయ్యి జారి బండ మీద పడింది. గొర్రెలన్నీ బెదిరి చెల్లాచెదురయ్యాయి. దొర పక్కనే పడుకుని ఉన్నాడు. తోక వెంట్రుక కూడా కదల్లేదు. సెల్వలక్ష్మి నన్ను చూసింది. వెళ్ళి వాడి తల వెనక చప్పట్లు కొట్టింది. పళ్ళెం వాయించింది. పెద్దగా అరిచింది. తర్వాత అక్కడే మట్టిలో కూలబడింది.

"వీడికి చెవులు ఇనపడవు వదినా."

"చిన్నప్పుడే తెలిసింది, అదే మేలు. రేపే తీసుకుపోయి ఇచ్చేద్దాం" అన్నాను.

అంతే. అమ్మవారు పూనినట్టు లేచింది. "నీకు పుట్టిన బిడ్డకి చెవుడని తెలిస్తే ఆస్పత్రిలో విడిచేసి వస్తావా? వాడు నా మందలో పెరిగినాడు. ఆ గొలుసు మీదికి నేను పంపను" అంది. ఇంకా చాలా అంది. నేనూ ఊరుకున్నదాన్ని కాను. చుట్టుపక్కల చేలవాళ్ళు పని ఆపి విన్నారు.

అయినా ఒక చిక్కు ఉంది. మందకు ఆ కొసన ఉన్న కుక్కను ఈ కొస నుంచి పిలవడం ఎలా? దానికి దారి చూపింది మా తంగసామి. ఆదివారం వచ్చాడు, జరిగింది విన్నాడు, పడీపడీ నవ్వాడు.

"దీనికి ఇంత ఏడుపెందుకు? మా షెడ్డులో మేమందరం చెవిటోళ్ళమే గదా" అన్నాడు.

నిజమే. ఆ మగ్గాల మోతలో పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని వాళ్ళు ఎప్పటినుంచో చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి ఎత్తి కోసినట్టు కిందికి దించితే మగ్గం ఆపమని. రెండు వేళ్ళు నోటికి ఆనిస్తే టీకి రమ్మని. చెయ్యి చాచి వేలు చూపితే అటు పొమ్మని. తల మీద చెయ్యి పెట్టుకుంటే మేస్త్రీ వస్తున్నాడని. తంగసామి ఆ సైగలన్నీ భార్యకు నేర్పాడు, భార్య కుక్కకు నేర్పింది. కొన్నాళ్ళకు దొర పక్కా మగ్గం పనివాడైపోయాడు. సెల్వలక్ష్మి తల మీద చెయ్యి పెట్టుకుందంటే ఎవరో పరాయివాడు వస్తున్నాడని లేచి నిలబడేవాడు. మాట వినపడదు కాబట్టి క్షణానికోసారి వెనక్కి తిరిగి ఆమె మొహం చూసుకునేవాడు. నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత, ఒట్టు, చూడటానికే వెళ్ళేదాన్ని.

ఆ ఏడాది ఊరకుక్కలు ఒక్క పిల్లను కూడా ముట్టలేదు. దొర వాటి మీదికి ఎగబడేవాడు కాదు. గుంపు వస్తే లేచి, వాటికీ మందకూ నడుమ అడ్డంగా నిలబడేవాడు. ఆ ఎత్తూ ఆ ఛాతీ చూసి అవే తోక ముడిచేవి.

ఏడాది తిరిగింది. పంగుని నెల, ఎండలు ముదిరే వేళ. మంద వెంబకోట్టై రోడ్డు పక్కన పాండీశ్వరన్ అనే రైతు చేలో ఉంది. అప్పాసామి తాత వస్తున్నాడని కబురొచ్చింది. సెల్వలక్ష్మికి ముద్ద దిగలేదు. చెవుడని తెలిస్తే వాణ్ణి తీసుకుపోతాడు, ఇంకో కుక్కను ఇవ్వడు. కుక్క లేకపోతే మంద నిలవదు. మంద పోతే మళ్ళీ ఆ ఫ్యాక్టరీ గేటే.

"చెప్పొద్దు. వాడి మొహాన రాసి ఉందా ఏమన్నా?" అన్నాను నేను.

అప్పాసామి బస్సు దిగి చేలోకి వచ్చాడు. భుజాన తాడు ఉంది. సెల్వలక్ష్మి కళ్ళు ఆ తాడు మీదే ఉన్నాయి. ముసలాయన తిన్నగా మందలోకి నడిచి ఒక పిల్లను ఎత్తబోయాడు. దొర వచ్చి ఆయనకూ పిల్లకూ నడుమ నిలబడ్డాడు. గుర్రుమనలేదు, పళ్ళు చూపలేదు. జరగనూ లేదు. అప్పాసామి వాడి ఛాతీ కింద చెయ్యి పెట్టి లోతు చూశాడు, పెదవి ఎత్తి పళ్ళు చూశాడు, పక్కటెముకలు తడిమాడు, తోక మొదలు పట్టుకున్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. దూరంగా వెళ్ళి ఈల వేశాడు. మిగతా కుక్కలైతే ఆ ఈలకు కొంచెమైనా కదిలేవట. దొర అసలు తలే తిప్పలేదు.

"ఇట్లాంటి నిలకడ నేను చూళ్ళేదు" అన్నాడు.

నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఒకటే అర్థం కాలేదు పాపా. మాటిమాటికి నీ మొగం చూస్తాండాడు ఎందుకు? కాపలా కుక్క బయటికి గదా చూడాల?"

"నేనంటే ప్రేమ తాతా" అంది సెల్వలక్ష్మి. గొంతు సన్నబడింది. సంతలో వినిపించే గొంతు అది, అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు.

అంతలో పేలింది.

ఆ రోజు పాండీశ్వరన్ మనవరాలికి చెవులు కుట్టే వేడుక. చేను అవతలే షామియానా. చుట్టాలు ఉన్నదే బాణసంచా పనిలో, ఇంక చెప్పాలా? పెద్ద టపాసుల సరం తెచ్చి, అవతలి గట్టు పొడుగునా పరిచి, నిప్పు పెట్టారు. పక్క చేలో గొర్రెలున్నాయని ఎవరికీ తోచలేదు. భూమి అదిరింది. పొగ కమ్మింది. తడికెలు విరిచేసుకుని మందకు మందే రోడ్డువైపు దూసుకుపోయింది. ఆ రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సులు ఎంత దూకుడుగా పోతాయో మావాళ్ళందరికీ తెలుసు. దూరాన ఒకటి హారన్ కొడుతూ వస్తూనే ఉంది. ఊరకుక్కలు, పాండీశ్వరన్ ఇంటి కుక్కతో సహా, కాళ్ళకు బుద్ధి చెప్పి కనపడకుండా పోయాయి.

నేను చెప్పులు విడిచి పరుగెత్తాను. సెల్వలక్ష్మి నాకంటే ముందుంది. దొర మందతోపాటే పరుగెత్తుతున్నాడు. బెదిరి కాదు, మంద పోతోంది గనుక వాడూ పోతున్నాడు, అంతే. సెల్వలక్ష్మి నిలబడిపోయింది. చెయ్యి ఎత్తింది. వాడు వెనక్కి తిరిగి చూడాలి. చూడు నాయనా, చూడు, అని నేను కుక్కకు దండం పెట్టాను. చూశాడు! ఆమె వేలు చాచి రోడ్డు గట్టు చూపింది. వాడు నేలకు వంగి దూసుకుపోయి, ముందున్న పొట్టేలును దాటి, గట్టెక్కాడు. మళ్ళీ తిరిగి చూశాడు. ఆమె అరచెయ్యి కోసినట్టు కిందికి దించింది. మగ్గం ఆపు.

దొర ఆగిపోయాడు. గట్టు మీద అడ్డంగా, తల పైకెత్తి నిలబడ్డాడు. చేను అవతల టపాసులు ఇంకా పేలుతూనే ఉన్నాయి, గాలికి ఎగిరొచ్చిన కాగితం ముక్కలు వాడి వీపు మీద పడుతున్నాయి. వాడికి అవేమీ లేవు. పొట్టేలు వచ్చి వాడి ఛాతీకి గుద్దుకుని ఆగింది. దాని వెనకది ఆగింది. ఎప్పుడూ వాడి పక్కనే పడుకునే గొర్రెలు కదా, అన్నీ వచ్చి వాడి చుట్టూ ఒరుసుకుని వణుకుతూ నిలబడ్డాయి. బస్సు గట్టు పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఒక్కటి కూడా రోడ్డెక్కలేదు.

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఆ మురికికుక్క మెడ పట్టుకుని ముద్దు పెట్టానని సెల్వలక్ష్మి ఇప్పటికీ చెబుతుంది. పెట్టే ఉంటాను. షామియానా ఖాళీ అయింది, జనమంతా వచ్చి మూగారు. పాండీశ్వరన్ చేతులు పట్టుకుని తప్పయిపోయిందన్నాడు, ఆ నోటితోనే "వీడి పిల్ల ఒకటి నాకిచ్చేయమ్మా" అన్నాడు. ఇంకొకరు తమకూ అన్నారు. చెవులు కుట్టించుకున్న పిల్ల ఏడుపు మాని కుక్కను చూస్తోంది.

అప్పాసామి అందరికంటే వెనక, నెమ్మదిగా నడిచొచ్చాడు. దొర తల వెనక నిలబడి, చప్పట్లు కొట్టాడు.

"చెవిటోడు" అన్నాడు.

సెల్వలక్ష్మి తల దించుకుంది. మందను కాపాడిన చెవుడే వాణ్ణి పట్టిచ్చింది. చెవులు వినపడే కుక్క ఏదీ అంత మోతకు కదలకుండా ఉండదని ఆయనకు తెలియదా?

"అవును తాతా."

"ఆనాడే కండ్లు చూసి అనుమానపడినాను. అచ్చ తెలుపుకు నీలం కండ్లుంటే చెవుడు వస్తాది. నోరు తెరవగూడదు గదా."

"తెరిచి ఉంటే నేను ఇంకోదాన్ని ఎత్తుకొనేదాన్ని. అది ఈ పొద్దు టపాసులకి బెదిరి పారిపొయ్యేది. నా మంద ఆ బస్సు కింద ఉండేది."

"నీ మందకు మంచిదే. కాదనలే. వీడి తెలుపు చూసి ఇప్పుడే పిల్ల కావాలన్నారు, ఇన్నావు గదా. రేపు ఊరంతా అడుగుతాది. ఆ పుట్టేదాంట్లో చెవిటివి పుడితే? అందరి ఇంట్లో నీ మొగుడు మాదిరి చేతిబాస నేర్పేటోడు ఉంటాడా? చెవిటి పిల్లల్ని బావిలో వేస్తారు పాపా. నేను చూసినాను. మా ఇంటి నుంచి ఆ చెవుడు బయటికి పోగూడదు."

"పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తా."

"ఇట్ల చెప్పినోళ్ళు శానామంది. ఒకరూ చేయించలే."

తాడు దొర మెడకు వేశాడు. మాలో ఎవరం కదల్లేదు. ఆయన తాడు వేశాక ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు, ఆ కట్టు అందరికీ తెలిసిందే. నాకు నోరు ఊరుకోక పళ్ళు నూరుకున్నాను. అప్పాసామి లాగాడు. దొర నాలుగు కాళ్ళూ నేలకు తన్ని పట్టి నిలబడ్డాడు. ఆయన మళ్ళీ లాగాడు. వాడు కరవలేదు, గుర్రుమనలేదు. మెల్లగా గొర్రెల నడుమ పడుకుని, తల నేలకానించాడు. ముసలాయన నుదుటి మీద చెమట.

"వీడు నువ్వు చెయ్యి చూపితే వస్తాడు గదా. చూపు" అన్నాడు.

దొర ఆమె మొహమే చూస్తున్నాడు. చెయ్యి చాచి వేలు చూపితే చాలు, లేచి ఆయన వెంట పోయేవాడే. సెల్వలక్ష్మి రెండు చేతులూ చీరకొంగులో చుట్టేసుకుంది. అప్పుడు ఏడ్చింది. చచ్చిన పిల్లల్ని సంచిలోకి ఎత్తినప్పుడు రాని నీళ్ళు అన్నీ ఇప్పుడు వచ్చాయి.

"నా చెయ్యి లేవదు తాతా. వాడు కావాలంటే నా గొర్రెలన్నిటినీ తోలుకొని పో. వాటి ఎనకాలే వాడూ వస్తాడు."

మాట కోసం అన్నది కాదది. అప్పటికే పొట్టేలు మెడతాడు విప్పి ఆయన చేతికి ఇవ్వబోతోంది. అప్పాసామి ఆ పొట్టేలునూ, ఆమెనూ, నేల మీది కుక్కనూ చూశాడు. గట్టు మీద కూర్చుండిపోయి, మోకాళ్ళు పట్టుకుని, గొర్రెల మీద చెయ్యి ఊపాడు.

"ఇంతమందిని పిలుచుకొనిపోయి నేను యాడ పెట్టుకొనేది?"

వంగి దొర మెడలో తాడు తీశాడు. చుట్టి భుజాన వేసుకున్నాడు.

"సోమవారం కోవిల్‌పట్టి పశువుల ఆస్పత్రికి పోదాం. నేనూ వస్తా, కండ్లారా చూస్తేనే నమ్ముతా. మంద కనపడకపోతే వీడు డాక్టరు చేతిలో పడుకోడు. ఒక గొర్రెపిల్లను కూడా ఎత్తుకొని రా."